గొంతు మారిన గడియారం

“కవరు విప్పాలి” అన్నాను.

ఇన్‌స్పెక్టరు నా వంక చూశాడు, కవరు వంక చూశాడు, టేబులు మీద చల్లారిపోతున్న టీ వంక చూశాడు. “మేడమ్, ఆ సీలు వెయ్యడానికి సాక్షుల్ని పట్టుకునేసరికే మా తాతలు దిగొచ్చారు. విప్పితే మళ్ళీ లక్క కాల్చాలి, మళ్ళీ సంతకాలు పెట్టించాలి. బంగారు గడియారమేనని ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి చెప్పాడు కదా!”

“కవరు మీంచే చూసి చెప్పాడా?”

“మీంచే చూశాడు. మేం ఇన్సూర్ చేసింది ఇదేనండీ, విప్పక్కర్లేదు అన్నాడు. అయినా మెళ్ళో అంత భూతద్దం వేసుకు తిరిగే మనిషికి ఒక కవరు అడ్డమా?”

ఆ భూతద్దం మనిషిని నేనెరుగుదును. నేను డిటెక్టివునని బోర్డు పెట్టుకోకముందు అదే కంపెనీలో నగలకు, గడియారాలకు వెల కట్టేదాన్ని. అతనిది నా పక్క బల్ల. వాచీలు చూసే అద్దానికి నల్లతాడు కట్టి మెళ్ళో వేసుకుని పెళ్ళిళ్ళకు కూడా వచ్చేవాడు. ఆఫీసంతా అతన్ని భూతద్దం అనే పిలిచేది. పనిలో గట్టివాడే. అందుకే కవరు విప్పకుండా వదిలేశాడంటే బద్ధకం ముదిరిందనుకున్నాను.

“నాకు డబ్బిచ్చి పంపింది ఆయాలను ఇళ్ళకు పంపే సంస్థ యజమానురాలు. ఆవిడ మనిషిని మీరు దొంగతనం కేసులో కూర్చోబెట్టారు. పోయిన వస్తువేమిటో చూసే హక్కు మాకుంది. ఇప్పుడు విప్పుతారా, రేపు కోర్టులో లాయరు విప్పమంటే విప్పుతారా?”

కోర్టు మాట పనిచేసింది. గొణుక్కుంటూనే బ్లేడు తెప్పించాడు.

కేసు చూడటానికి చిన్నదే. మేడ మీద ఒంటరిగా ఉంటున్న ఒక సంగీతం టీచరమ్మ. వయసు మీద పడి చూపు పూర్తిగా పోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఆయా తోడుండేది. మొన్న సాయంత్రం ఆయా ఇంటికి వెళ్ళిపోయింది. నిన్న ఉదయం పాలతను వచ్చేసరికి వీధి తలుపు తెరుచుకునే ఉంది. మెట్ల కింద టీచరమ్మ చచ్చిపడి ఉంది. చేతికి ఎప్పుడూ ఉండే బంగారు గడియారం లేదు. కాసేపటికి ఆయా యథాప్రకారం పనికొచ్చింది. పోలీసులు ఆమె సంచి తడిమితే గడియారం బయటపడింది. గడియారం కొట్టేసిందనీ, పెద్దావిడ గుడ్డితనంలో మెట్ల మీంచి జారిపడిందనీ ఇన్‌స్పెక్టరు రెండు ముక్కల్లో తేల్చేశాడు. రేపు పొద్దున ఆయాను కోర్టుకు తీసుకెళ్తారు. ఒకసారి దొంగ అని ముద్ర పడిన ఆయాకు ఆ తర్వాత ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు.

గడియారం నా అరచేతిలో పడగానే ఏదో తేడా అనిపించింది. బరువు చాల్లేదు.

బొత్తామంత డయలు. అంకెలకు బదులు వెంట్రుకల్లాంటి గీతలు. సన్నటి నల్ల తోలు పట్టీ. ఒకప్పుడు విందులకీ కచేరీలకీ వెళ్ళే ఆడవాళ్ళు పెట్టుకున్న రకం. టైము చూసుకోవడానికి పెట్టుకునేది కాదు, పదిమందీ చూడటానికి పెట్టుకునేది. ఇలాంటివాటికి వెల ఎలా కడతారో తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది. మగవాళ్ళ పాత గడియారాలను మోజుపడి కొనేవాళ్ళు బోలెడు. ఆడవాళ్ళవి మరీ చిన్నవి, ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి ధరంతా పైనున్న బంగారు డొప్పదే. లోపలి యంత్రాన్ని ఊడబీకి, డొప్పను కాటాలో వేసి, కరిగించేస్తారు. ఒక మనిషి చేతి మీద నలభై ఏళ్ళు కొట్టుకున్న యంత్రానికి చిల్లికానీ రాదు. అన్నేళ్ళు ఆ పని చేశాను గాని, ఊడదీసిన యంత్రాన్ని బుట్టలో పడేసేటప్పుడు అటు చూసేదాన్ని కాదు.

అద్దం పెట్టి ముందు కొమ్ములు చూశాను. పట్టీ తగిలించే నాలుగు మూలలు అవి. నిండు బంగారమైతే ఎంత అరిగినా లోపలా బంగారమే కనబడాలి. ఇక్కడ కొమ్ముల చివర పైపూత చెరిగిపోయి ఇత్తడి తొంగి చూస్తోంది. వెనక మూత తీశాను. నిండు బంగారానికి కొట్టే ముద్ర లేదు. పూత అని తయారుచేసినవాడే నిజాయితీగా కొట్టిన ముద్ర ఉంది. పైన పటారం, లోన లొటారం.

మూడోది పట్టీ. అది పాతది. ఒకే చిల్లు సాగి వెడల్పయింది. అంటే ఏళ్ళ తరబడి ఒకే చేతికి ఉంది. కాని దాని చివరలు కొమ్ముల మధ్య పట్టక, బలవంతంగా దూర్చినట్టు అంచులు ముడుచుకున్నాయి. ఆ ముడత మాత్రం కొత్తది.

“పట్టీ టీచరమ్మదే. గడియారం కాదు” అన్నాను. “గడియారం చేసిన కంపెనీ ఒకే డయలుతో రెండు రకాలు చేసేది. డబ్బున్నవాళ్ళకు నిండు బంగారం, లేనివాళ్ళకు పూత. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇన్సూర్ చేసింది మొదటిది. మీరు సీలు వేసింది రెండోది. దీనికి మీరు కాల్చిన లక్క ఖర్చు కూడా రాదు.”

కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. గరుకుగా, హడావుడిగా కొట్టుకుంటోంది, రేకు డబ్బా మీద గోటితో కొట్టినట్టు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అతని మొహం వెలిగిపోయింది. నేను చూడాలనుకున్న వెలుగు అది కాదు.

“అంటే అసలు గడియారం అమ్మేసి, దాని చోట ఇది పెట్టిందన్న మాట! నేను మామూలు దొంగతనమనుకున్నాను మేడమ్. ఇది ప్లాను! ముసలావిడకు తెలిసిపోయి అడిగిందేమో, మెట్ల మీంచి తోసేసిందేమో!” అంటూనే ఫోన్ తీసి భూతద్దానికి కలిపాడు. “సార్, ఆ వాచీ పూతదట! మీ మేడమే పట్టుకున్నారు. అవునవును, ఇప్పుడు ఆ ఇంటికే వెళ్తారట.”

మొదటికే మోసం వచ్చింది. ఎలకల్ని తరమబోయి కొంపకు నిప్పంటించినట్టయింది నా పని.

పక్క గదిలో బెంచీ మీద ఆయా కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండదు. మధ్య గుమ్మానికి తలుపు రెక్కల్లేవు, మా మాటలన్నీ వింది.

“నన్ను విడిపించడానికి వచ్చారనుకున్నానమ్మా” అంది.

నాకు సిగ్గేసింది. ఆమె పక్కనే బెంచీ మీద కూర్చున్నాను. “వచ్చింది అందుకే. నిజం చెప్పు. గడియారం నీ సంచిలోకి ఎలా వచ్చింది?”

“అమ్మగారే ఇచ్చారు. రిపేరు షాపులో చూపించమని.”

“ఆగిపోయిందా?”

“లేదమ్మా, నడుస్తూనే ఉంది.” చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది. “దాని గొంతు మారిందన్నారు.”

“గొంతా?”

“అమ్మగారికి కళ్ళు లేవు కదా! టైము నన్నడిగేవారు. గడియారం మాత్రం రోజూ పొద్దున్నే తనే కీ ఇచ్చుకుని, పడుకునేటప్పుడు దిండు మీద చెవి దగ్గర పెట్టుకునేవారు. నువ్వెళ్ళాక ఇంట్లో నాతో మాట్లాడేది ఇదొక్కటేనే అనేవారు. పోయిన నెల కంపెనీ వాళ్ళు మళ్ళీ ధర కట్టాలన్నారని ఆవిడ మేనల్లుడు పట్టుకెళ్ళాడు. తిరిగి తెచ్చాక అమ్మగారు రాత్రుళ్ళు నిద్రపోయేవారు కాదు. ఇది నాది కాదే, ఎవరో పరాయివాళ్ళు పక్కలో పడుకున్నట్టుంది అనేవారు. నేను పిచ్చిమాటలనుకున్నాను.” కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “నాకు రెండూ ఒకలాగే కనబడ్డాయి.”

కళ్ళున్న అందరికీ అలాగే కనబడింది. “మొన్న ఏం జరిగింది?”

“మధ్యాహ్నం ఒక కార్డిచ్చి, ఈ నంబరు నొక్కవే అన్నారు. నాకు చదువు రాదు గాని అంకెలొచ్చు. నొక్కి ఇచ్చాను. గడియారాన్ని ఫోన్ దగ్గర పెట్టి, విను నాయనా, ఇది నా గడియారం గొంతేనా అని అడిగారు. ఇచ్చిందొకటి, వచ్చిందొకటి అన్నారు. రేపటికల్లా రిపేరు షాపులో విప్పించి చూపిస్తానన్నారు.”

“నాయనా అంటే మేనల్లుడేనా?”

“ఆవిడ అందర్నీ నాయనా అనే అంటారమ్మా. పాలతన్ని కూడా.”

“ఆ కార్డేది?”

“దిండు కింద పెట్టుకున్నారు.”

“ఆ తర్వాత ఇంకెవరికైనా ఫోన్ చేశారా?”

ఆయా నా వంక వింతగా చూసింది. “ఇంకెవరికి చేస్తారమ్మా? ఆవిడకున్నది నేనొక్కదాన్నే. నేను ఎదురుగానే ఉన్నాను కదా.”

ఐదింటికి గడియారం తీసుకుని బయల్దేరింది. షాపు మూసి ఉంది. పొద్దున్నే మళ్ళీ వద్దామని సంచిలోనే ఉంచుకుంది.

“వెళ్ళేటప్పుడు వీధి తలుపు వేసే వెళ్ళావా?”

“దగ్గరికి లాగానమ్మా. గడియ పైనుంచి పడుతుంది. అమ్మగారి కుర్చీ దగ్గరికి ఒక తాడుంది. అది లాగితే కింద గడియ లేస్తుంది, వదిలితే పడుతుంది. మెట్లు దిగలేరు కదా, అందుకని ఎప్పుడో పెట్టించుకున్నారు. నేను తలుపు లాగాక తాడు వదిలి, చప్పుడు విని, ‘పడింది’ అని పైనుంచి గట్టిగా అరిచేవారు. ఆ మాట వినేదాకా నేను వీధి మెట్టు దిగేదాన్ని కాదు.”

“మొన్న కూడా అరిచారా?”

“అరిచారమ్మా” అంది. ఇక ఆపుకోలేక ఏడ్చింది. ఆ ఏడుపు జైలుకు భయపడి ఏడ్చేది కాదు. టీచరమ్మ పోయాక ఆవిడ కోసం ఎవరైనా ఏడవడం నేను చూడటం అదే మొదలు.

దారిలో రిపేరు షాపు దగ్గర ఆగాను. షాపాయన దవడ బన్నులా పొంగి ఉంది. మొన్న నాలుగింటికే షాపు కట్టేసి పన్ను పీకించుకున్నాడట. నోట్లో దూది ఉండటంతో నేనడగడం, ఆయన తలూపడం. మిగతా రోజుల్లో కూడా అంత ముందే కట్టేస్తారా? అడ్డంగా ఊపాడు. టీచరమ్మ గడియారం ఎప్పుడైనా విప్పారా? నిలువుగా ఊపాడు. నిండు బంగారమేనా? మళ్ళీ నిలువుగా ఊపి, కళ్ళు పెద్దవి చేసి, బొటనవేలు చూపించాడు. నాకు కావలసింది దొరికింది. షాపు మూసి ఉందని ఆయాకు తెలిసిందంటే, ఆమె నిజంగానే అక్కడికొచ్చింది.

టీచరమ్మ ఇంటి తాళంచెవి పొద్దున్నే మేనల్లుడి దగ్గర తీసుకున్నాను. ఇచ్చేటప్పుడు అతను నా మొహం చూడలేదు. “నేను రానండీ, మీరే చూసుకోండి” అన్నాడు. గడియారం కంపెనీకి మోసుకెళ్ళిందీ, తిరిగి మోసుకొచ్చిందీ అతనే. ఆస్తికి ఉన్న ఒక్క వారసుడూ అతనే. నాలో నేను కేసు సగం తేల్చేసుకున్నాను.

బయట కొత్త తాళం వేలాడుతోంది. తీసి తలుపు తోస్తే తెరుచుకుంది. నిట్టనిలువుగా ఉన్న మెట్లు. పైన ఒకటే గది, దాని వెనక వంటిల్లు. మంచం దగ్గర్నుంచి వంటింటికీ, స్నానాల గదికీ గోడ వెంబడి తాడు కట్టి ఉంది. వంటింటి మలుపు దగ్గర ఒక ముడి, స్నానాల గది దగ్గర రెండు ముళ్ళు. చేతితో పట్టుకుని నడవడానికన్న మాట. కళ్ళు మూసుకుని ఆ తాడు పట్టుకుని నడిచి చూశాను. ఎక్కడా కాలికి ఏదీ తగల్లేదు. మెట్ల వైపు మాత్రం తాడే లేదు. అటు వెళ్ళాల్సిన అవసరం ఆవిడకు లేదు.

వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు బోర్లించి ఉన్నాయి. మంచం మీద ఒక్క దిండు. నా ఇంట్లో కూడా అన్నీ ఒక్కొక్కటే. ఇదివరకెప్పుడూ దాన్ని లెక్కగా చూడలేదు. పరాయి ఇంట్లో చూస్తే గాని మన ఇల్లు కనబడదు కాబోలు. కాసేపు ఆ మంచం మీద కూర్చుండిపోయాను.

దిండు ఎత్తాను. కార్డు లేదు. దుప్పటి దులిపాను, పరుపు తిరగేశాను, మంచం కింద పాకాను. లేదు.

గడియ తాడు కోసం కుర్చీ పక్కన వెతికాను. తాడు గోడ వెంట వచ్చి బీరువా వెనక్కి పోయింది. చెయ్యి పెట్టి తడిమితే అక్కడొక మేకు. కంటికి కనబడదు. చూసేవాళ్ళ కోసం కొట్టిన మేకు కాదది, తడుముకునేవాళ్ళ కోసం కొట్టింది. తాడు లాగి, చివరనున్న ఉంగరాన్ని ఆ మేకుకు తగిలిస్తే గడియ లేచే ఉంటుంది.

ఉంగరం మేకుకు తగిలించే ఉంది.

 అందరూ మెట్ల కింద పడిన మనిషిని చూశారు గాని, బీరువా వెనక ఎవరూ చూడలేదు. మొన్న ఐదింటికి గడియ పడింది. ‘పడింది’ అని టీచరమ్మే అరిచింది. ఆ తర్వాత మళ్ళీ లేచింది. లేపింది కూడా ఆవిడే. కింద ఎవరో పిలిచారు, గొంతు గుర్తుపట్టింది, తాడు లాగి మేకుకు తగిలించింది. వచ్చినవాడు వెళ్ళాక ఉంగరం తీసి గడియ పడెయ్యడానికి ఆవిడ పైన లేదు, మెట్ల కింద ఉంది. ఒంటరిగా జారిపడిన మనిషి ఇంటికి గడియ లేచి ఎందుకుంటుంది?

ఉంగరం తీసి తాడు వదిలాను. కింద టక్కుమంది. ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు నేననుకున్నదానికన్నా గట్టిగా వినిపించింది.

ఆ వెంటనే ఎవరో తలుపు తట్టారు.

“అక్కగారూ! నేనే!”

ఆ గొంతు నాకు తెలుసు. తాడు లాగి ఉంగరం తగిలించాను. భూతద్దం మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో నల్లతాడు, దాని చివర అద్దం.

“ఇన్‌స్పెక్టరు చెప్పాడు. పూత అని పట్టేశారట కదా! మీ కళ్ళకు ఇంకా వయసు రాలేదక్కగారూ.”

“నీ కళ్ళకేమొచ్చింది తమ్ముడూ? మెళ్ళో వేలాడేది అలంకారమా?”

నవ్వేశాడు. “పోలీసులు సీలు వేసింది విప్పమనడం మర్యాద కాదనుకున్నాను. తప్పే, ఒప్పుకుంటాను. ఇప్పుడు మనిద్దరం ఒకే మాట మీదుంటే అందరికీ మంచిది. ఆయా మార్చేసింది, అసలుది ఎక్కడో కరిగిపోయింది. కంపెనీ ఫైలు మూసేస్తుంది.”

“మార్చింది ఆయాయే అయితే, పూత గడియారాన్ని గుడ్డావిడ చేతికే వదిలేసేది. దాన్ని సంచిలో వేసుకుని విప్పి చూసేవాడి దగ్గరికే ఎందుకు బయల్దేరుతుంది?”

“బయల్దేరిందని ఎవరన్నారు, ఆమేగా?”

“పన్ను పీకించుకున్నాయన అన్నాడు. అంటే అనలేదు, తలూపాడు. ఆ రోజు షాపు ముందే కట్టేశారని అక్కడికి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది.”

అతను మెట్ల వైపు ఒక చూపు, నా వైపు ఒక చూపు చూశాడు. “సరే. అయితే మేనల్లుడు. నిజం చెప్పాలంటే నా అనుమానమూ వాడి మీదే. తెచ్చిందీ వాడే, తీసుకెళ్ళిందీ వాడే. మధ్యలో మా దగ్గర ఉన్నది ఒక్క పూట. వాడి పేరు రాద్దాం. ఆయాను వదిలిపెట్టిస్తారు, మీ పనీ అయిపోతుంది.”

నేను కోరుకున్నదే పళ్ళెంలో పెట్టి అందిస్తున్నాడు. అయినా గొంతు దిగలేదు. ఆయా కాదంటే మేనల్లుడు, మేనల్లుడు కాదంటే ఇంకొకరు. ఇంత తేలిగ్గా మాట మార్చే మనిషి కాదు. ఆఫీసులో ఒక ఉంగరం ధర మీద నాతో సాయంత్రం దాకా వాదించినవాడు.

దానితో పాటు ఇంకొకటి కూడా నన్ను గుచ్చుతోంది. మేనల్లుడికి ఫోన్ చెయ్యడానికి కార్డెందుకు? ఉన్న ఒక్క మేనల్లుడి నంబరు ఆవిడకు నోటికి రాదా? ఆయాకు తెలియదా?

“ఒక్క నిమిషం” అని కుర్చీ పక్కనున్న ఫోన్ దగ్గరికెళ్ళాను. పాతకాలపు బొత్తాల ఫోన్. “చనిపోయే రోజు టీచరమ్మ ఎవరికో ఫోన్ చేసి గడియారం చప్పుడు వినిపించింది. కార్డు చూసి ఆయా నంబరు నొక్కింది. కార్డిప్పుడు లేదు. ఎవరో తీసేశారు.”

“ఎవరో ఏమిటి, మేనల్లుడే తీసి ఉంటాడు. పదండి, పొద్దుపోతోంది. ఈ మెట్ల మీద దీపం కూడా లేదు.”

“కార్డు తీసినవాడు ఫోన్‌ను మర్చిపోయాడు. చివరి నంబరును మళ్ళీ కలిపే బొత్తాం ఉంటుంది దీనికి. ఆ తర్వాత ఆవిడ ఇంకెవరికీ చెయ్యలేదు. చెయ్యడానికి ఎవరూ లేరు.”

“అక్కగారూ, అది పోలీసుల పని” అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

రిసీవరు తీసి బొత్తాం నొక్కాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నా చెవిలో రింగు మొదలైంది.

అతని చొక్కా జేబులోనూ మొదలైంది.

నేను రిసీవరు దించలేదు. అతను జేబులో చెయ్యి పెట్టలేదు. ఒకే ఫోన్ మోత నా చెవిలో కాస్త ముందు, ఆ జేబులో కాస్త వెనక, చాలాసేపు మోగింది. 

“నా కార్డు ఊళ్ళో చాలామంది దగ్గర ఉంటుంది” అన్నాడు చివరికి.

“ఒక్క పూట చాలు నీకు. పూత గడియారాలు సిద్ధంగా పెట్టుకున్నావు, పట్టీ మార్చడమే పని. మేనల్లుడు ఏమీ తెలియకుండా మోసుకొచ్చాడు. ధర కట్టించుకోవడానికి వచ్చే ఇలాంటి ముసలమ్మలు ఎంతమంది నీకు? అందరూ ఒంటరివాళ్ళేనా?”

అతను అద్దాన్ని వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. తప్పు చేసినవాడి మొహం కాదు. లెక్క ఎక్కడ తప్పిందో చూసుకునేవాడి మొహం.

“ఎవరికీ నష్టం లేదక్కగారూ. అదే డయలు, అదే పట్టీ. పెట్టెలో పెట్టి మురిసిపోయేవాళ్ళకు ఏదైనా ఒకటే. అందరూ కళ్ళతోనే చూస్తారు. చెవితో చూసే మనిషి తగులుతుందని ఎవరనుకుంటారు? ఎవరూ విప్పకముందే ఆ పూత గడియారం ఇచ్చెయ్యమని అడగడానికే వచ్చాను. నిన్ను నమ్మాను నాయనా అంటూ నన్ను తడుముకుంటూ మెట్ల దాకా వచ్చింది. ఊరుకోమంటే ఊరుకోలేదు.”

“ఆ ముక్క ఇన్‌స్పెక్టరుకు చెప్పు. పొద్దున ఒక అమాయకురాల్ని కోర్టుకు తీసుకెళ్తున్నారు.”

“మీరు చెబుతారుగా.” అతను ఒక అడుగు పక్కకు వేసి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. “ఈ మెట్ల మీద ఇంకొకరు జారిపడ్డా ఇన్‌స్పెక్టరు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఇంతకీ ఇక్కడికొచ్చినట్టు ఇంట్లో ఎవరికైనా చెప్పారా? అయ్యో, మర్చిపోయాను. మీకు చెప్పేవాళ్ళెవరూ లేరు కదా. ఏళ్ళ తరబడి పక్క బల్ల మీద కూర్చున్నాను, ఒక్క రోజైనా ఇంటి నుంచి మీకు ఫోన్ రావడం చూడలేదు.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నేను రెండు రోజులు కనబడకపోయినా అడిగే దిక్కు లేదని నాకు తెలుసు. అతనికీ తెలుసని ఇప్పుడే తెలిసింది. భయం వేసింది. నిజం చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అతను నా మీంచి చూపు తిప్పలేదు. చూపు తిప్పకుండానే ఎడమ చెయ్యి బీరువా వెనక్కి పోనిచ్చాడు. తడుముకోలేదు, వెతుక్కోలేదు. మొన్న ఒకసారి ఆ గదిలో నిలబడి, తను వచ్చాక గడియ వెయ్యబోయిన గుడ్డావిడను ఆపి, ఆవిడ చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో చూసినవాడికి వెతుక్కోవాల్సిన పని లేదు. మేకు మీంచి ఉంగరం తీసి తాడు వదిలేశాడు.

కింద టక్కుమంది.

“పడింది” అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు. రోజూ ఆ మాట వినడానికి మెట్ల కింద ఒక మనిషి ఆగి నిలబడేది. ఇవాళ ఆ మనిషి పోలీసు స్టేషనులో బెంచీ మీద కూర్చుని నా కోసం చూస్తోంది.